ఖాళీ పెట్టెలను దాచవలయునా?

మన నందికొండలో ఎవరి యింటికైనను క్రొత్త టెలివిజను వచ్చినచో, ఆ సంగతి ఇరుగుపొరుగువారికి టెలివిజనును చూచుటవలన గాక, వాకిటిలో గోడకు చేరవేసిన పెద్ద అట్టపెట్టెను చూచుటవలన తెలియును. పిల్లలు అందులో దూఱి ఇల్లని యాడుకొందురు. మూడవనాడు ఆ యింట చిన్న వివాదము పుట్టును. పాత సామానులవానికి వేసినచో చోటైనను మిగులునని తల్లి యనును. వారంటీ తీఱువఱకు పెట్టె యుండవలెనని తండ్రి యనును. కడపట ఎవరి మాటయు నెగ్గక, ఆ పెట్టె మంచము క్రిందికో సజ్జమీదికో పోయి, అందఱును మఱచునంతకాలము అక్కడనే పడియుండును.

ఈ వివాదమును గూర్చి విద్యార్థులును వారి తలిదండ్రులును మమ్మును పలుమాఱు లడిగియున్నారు. ఇది చిన్న ప్రశ్నయని తోచవచ్చును. కాని దీనికి మేము రెండుసారులు తప్పు జవాబు చెప్పితిమి. ఆ రెండు తప్పులకును మన పాఠశాల వెల చెల్లించినది. అందుచేత ఈ సంవత్సరపు సంచికలో ఈ విషయమును మాకు తెలిసినంతవఱకు విశదముగా వ్రాయుచున్నాము.

మొదట మన యిండ్లను తలంచుకొనవలెను. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిన తరువాత, ఆనకట్ట పనికి వచ్చిన ఉద్యోగులకొఱకును పనివారికొఱకును ఇక్కడ కాలనీలు వెలసినవి. హిల్ కాలనీ, పైలాన్ కాలనీ అట్టివే. ఆ క్వార్టర్లు కట్టిన దినములలో ఒక కుటుంబమునకు ఒక ట్రంకుపెట్టె, రెండు మంచములు, వంటపాత్రలు పట్టిన చాలునని తలంచిరి కాబోలు. ఇప్పుడు అట్టి గదులలోనికే టెలివిజను, ఫ్రిజ్జు, కంప్యూటరు, ప్రింటరు, ఇన్వర్టరు, మనిషి కొక సెల్‌ఫోను చేరినవి. వీని పెట్టెలన్నిటిని దాచినయెడల ఒక మనిషి పండుకొను చోటు వానికే పోవును. పిల్లవాడు కూర్చుండి చదువుకొనవలసిన మూలను ఖాళీ పెట్టె యాక్రమించియుండుట మేము కొన్ని యిండ్లలో చూచితిమి. కాబట్టి దాచుటకు ఖర్చు లేదని యెవరును అనుకొనరాదు. చోటునకు వెల కలదు.

ఇక పెట్టె చేయు పని యేమో చూతము. అట్టపెట్టె గోడను చీల్చి చూచినచో, రెండు నునుపు కాగితముల నడుమ అలలవలె మడతలుపడిన మూడవ కాగితము కనబడును. ఇట్లు కాగితమును అలలుగా మడచు పద్ధతికి 1856లో ఇంగ్లాండులో పేటెంటు పుచ్చుకొనిరి. అప్పుడు దానిని ఉద్దేశించినది పొడవాటి టోపీల లోపలి పట్టీకి! 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ అనునతడు సీసాలను, దీపపు చిమ్నీలను చుట్టుటకు అట్టి కాగితమునకు పేటెంటు పొందెను. అలలలోని ప్రతి వంపును చిన్న కమానువలె పనిచేసి, తేలికయైన కాగితముచేత పెద్ద బరువును మోయించును.

పెట్టె లోపలి తెల్లని థర్మోకోలులో నూటికి తొంబదియెనిమిది పాళ్లు గాలియే. అది యంత్రమును ఎట్లు కాపాడునో లెక్కవేసి చూడవచ్చును. ఒక యంత్రము 75 సెంటీమీటరుల యెత్తునుండి, అనగా బల్లయంత యెత్తునుండి, పడినదనుకొనుడు. పడునప్పుడు పొందిన వేగమంతయు అది ఆగులోపల నశింపవలెను. గట్టి గచ్చుమీద పడి 3 మిల్లీమీటరుల దూరములోనే ఆగినచో, దానికి తగులు దెబ్బ దాని బరువునకు సుమారు 250 రెట్లు. మెత్తని దిండువంటి దానిపై పడి 3 సెంటీమీటరులు క్రుంగి ఆగినచో, ఆ దెబ్బ సుమారు 25 రెట్లు మాత్రమే. ఆగు దూరము పదిరెట్లు పెరిగినందున దెబ్బ పదవవంతైనది. పై తరగతుల విద్యార్థులు పడిన యెత్తును ఆగిన దూరముచే భాగించి ఈ లెక్కను తామే చేయవచ్చును. క్రికెట్ బంతిని పట్టునప్పుడు చేతులను వెనుకకు లాగుకొనుటయు, కుమ్మరి బండిలో కుండల నడుమ గడ్డి కూరుటయు, బత్తాయిపండ్ల క్రింద గడ్డి పఱచుటయు ఈ సూత్రమును బట్టియే.

గాని గడ్డికిని యంత్రపు పెట్టెలోని థర్మోకోలునకును ఒక భేదము కలదు. గడ్డి ఏ కుండకైనను సరిపోవును. థర్మోకోలు ఆ యంత్రముయొక్క ఆకారమునకే పోతపోసినది. అది అద్దమును, కటకమును తాకక, గట్టి మూలలను మాత్రమే పట్టుకొనియుండును. యంత్రము లోపల దొరలాడకుండ దానిని పెట్టె నడుమ నిలుపును. ఒక యంత్రపు పోత మఱియొక యంత్రమునకు పనికిరాదు. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయనగా మేము ముందు చెప్పబోవు నియమమునకు ఇదియే ఆధారము.

పెట్టె వెలుపల అచ్చువేసిన బొమ్మలను గూర్చియు ఒక మాట. ఇవి అన్ని దేశములలోను ఒక్కటే అర్థమిచ్చును గనుక భాష రానివారికిని తెలియును. కాడగల గాజుగ్లాసు బొమ్మయున్నచో లోపలి వస్తువు పగులునట్టిది. గొడుగున్నచో తడి తగులరాదు. పైకి చూపు రెండు బాణములున్నచో ఆ వైపు ఎల్లప్పుడు పైకే యుండవలెను. పేర్చిన పెట్టెల బొమ్మలో అంకెయున్నచో, ఒకదానిపై నొకటి ఎన్ని పేర్చవచ్చునో అది తెలుపును. టెలివిజను పెట్టెమీది బాణములు ఉత్తవి కావు. పలుచని తెరను నిలువుగా మోసినప్పుడు దాని చట్రము బరువును ఆనును. ఆటోలో పరుండబెట్టి తెచ్చినచో, చక్రము గుంతలో పడిన ప్రతిసారి నడిమి భాగము వంగి అద్దము పగులవచ్చును.

ఇప్పుడు మా మొదటి తప్పును చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మన పాఠశాలకు కొన్ని కంప్యూటరులును, ఒక ప్రింటరును, ఒక ప్రొజెక్టరును వచ్చెను. వానిని భద్రపఱచు పని మాకు అప్పగింపబడెను. దారపు ముక్కనైనను పాఱవేయని యింట పెరిగినవారము గనుక, మేము ఒక్క పెట్టెనైనను పోనీయక, రికార్డుల గదిలో నేలనుండి పైకప్పువఱకు పేర్పించితిమి. తాళము వేసితిమి. అన్నియు పదిలముగా నున్నవను తృప్తితో మూడు వర్షకాలములు ఆ పెట్టెలవైపు చూడకుంటిమి.

నాలుగవ సంవత్సరమున ఒక పాత విద్యార్థి వచ్చెను. అతడు మేస్త్రీపని చేయుచుండెను. పరదేశమునకు పనికి పోవుటకై పాస్‌పోర్టు కావలెననియు, దానికి తన జన్మతేదీని చూపు పత్రము కావలెననియు చెప్పెను. చదువు మానిననాడు ఇచ్చిన సర్టిఫికెటు కారిన యింటిలో తడిసి పోయినదట. ప్రవేశపు రిజిస్టరును చూచి వ్రాసి యిచ్చెదమని మేము గది తెఱచితిమి. పెట్టెల వెనుక గోడవెంబడి మట్టి గీతలు ప్రాకియుండెను. క్రింది పెట్టెను ముట్టగానే పొడియై రాలెను. అట్ట కాగితమే, కాగితము చెదలకు ఆహారమే. పెట్టెలు నేలను తాకుచు గోడకు ఆనియుండుటచే, చెదలు వానిని నిచ్చెనగా జేసికొని రిజిస్టరుల చెక్క అలమారలోనికి పోయినవి. ఆ విద్యార్థి పేరున్న పుట దొరకినది. పేరు నిలిచియున్నది, తండ్రి పేరును నిలిచియున్నది. జన్మతేదీ వ్రాసిన గడి యుండవలసినచోట రంధ్రముండెను. ఊహించి వ్రాయుట మాకు తగదు. ఆ మాట చెప్పినప్పుడు అతడు మమ్మును నిందింపలేదు. "పోనియ్యుండ్రి సార్, ఇంకో తొవ్వ చూసుకుంట" అని మెల్లగా వెడలిపోయెను. ఖాళీ పెట్టెలను కాపాడబోయి మేము నిండు పుస్తకములను పోగొట్టితిమి.

ఆ సిగ్గులో రెండవ తప్పు చేసితిమి. మఱునాడే చెదలు పట్టినవానిని పట్టనివానిని వేఱుచేయక, పెట్టెలన్నిటిని బండికెక్కించి పంపివేసితిమి. మూడు నెలలు గడువకముందే ప్రొజెక్టరు వెలుగుట మానెను. దానిని బాగుచేయువారు హైదరాబాదులో నున్నారు. అది మనకు సుమారు 150 కిలోమీటరుల దూరము. ప్రొజెక్టరు పెట్టె లేదు. బిస్కట్ల పెట్టె యొకటి తెచ్చి, పాత వార్తాపత్రికలు కూరి, త్రాడు గట్టి పంపితిమి. లోపలి మరమ్మతు స్వల్పమేయని కబురు వచ్చెను. గాని త్రోవలో కటకము పగిలినదనియు చెప్పిరి. నలిపిన కాగితము మొదటి కుదుపులకే అణగిపోవును, మరల పైకి లేవదు. అటుపిమ్మట యంత్రము పెట్టెలో దొరలాడును. ఈ సంగతి మాకు అప్పుడు తెలియదు. క్రొత్త కటకపు వెల మఱియొక ప్రొజెక్టరు వెలకు దగ్గరగా నుండెను. ఆ సంవత్సరమంతయు విజ్ఞానశాస్త్రపు పాఠములు నల్లబల్లతోను సుద్దముక్కతోను జరిగినవి.

అన్నిటిని ఉంచుట తప్పు. అన్నిటిని పాఱవేయుటయు తప్పు. మఱి యెట్లు ఎన్నుకొనవలెను?

కొద్దిచోటులో దేనిని ఉంచవలెనను ప్రశ్న మన యూరికి క్రొత్తది కాదు. ఇక్ష్వాకు రాజుల విజయపురి యుండిన లోయ సాగరపు నీట మునుగనున్నదని తెలిసినప్పుడు, 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున పురావస్తుశాఖవారు అక్కడ విరివిగా త్రవ్వకములు జరిపిరి. నూటికి మించిన స్థలములు బయటపడినవి. అన్నిటిని తరలించుటకు చోటు చాలదు. వారు కొన్ని కట్టడములను ఎన్నుకొని నాగార్జునకొండమీదను, అనుపువద్దను మరల నిలిపిరి. శిల్పములు, శాసనములు, నాణెములు మొదలగువానిని కొండమీది మ్యూజియమునకు చేర్చిరి. అది 1966లో తెఱవబడెను. తరలింపజాలని వానిని కొలిచి, పటములు గీచి, ఛాయాచిత్రములు తీసి, వ్రాసిపెట్టిరి. ఆ స్థలములపైకి నీరు వచ్చెను. వానిని గూర్చిన యెఱుక మాత్రము మునుగలేదు. మరల దొరకనిదానిని ఉంచవలెను. ఉంచజాలనిదాని గుఱుతును వ్రాసి యుంచవలెను. ఇదియే వారి పనినుండి మేము నేర్చుకొన్న నియమము.

ఈ నియమమును ఖాళీ పెట్టెకు అన్వయింతము. పెట్టెలో మూడు భాగములు కలవు: వెలుపలి అట్ట, లోపలి పోత, అట్టమీది చీటి. వెలుపలి అట్టవంటిది ఏ కిరాణా దుకాణములోనైనను దొరకును. లోపలి పోత మఱియెక్కడను దొరకదు. చీటి ఒక్కటే, గాని దాని నకలు తీసికొనవచ్చును. పోతనైనను ఎల్లకాలము దాచవలెనా యనినచో, అక్కఱలేదు. పెట్టె ప్రయాణముకొఱకు పుట్టినది. కాబట్టి అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఈ యంత్రమునకు ఇంక ప్రయాణము కలదా?

యంత్రమునకు మూడు ప్రయాణములు రావచ్చును. మొదటిది తిరిగి దుకాణమునకు. వస్తువును మార్చుకొనుటకు లేక తిరిగి యిచ్చుటకు అంగడిని బట్టి కొన్ని దినముల గడువుండును. ఇంటర్నెట్టు ద్వారా కొన్నవానికి పెట్టెను, లోపలి సంచులను, త్రాడులను, చిన్న పుస్తకమును సహితము తిరిగి యడుగుట వాడుక. ఆ గడువు తీఱువఱకు ఏమియు చింపరాదు, ఏమియు పాఱవేయరాదు. ఆ దినములలో యంత్రమును ఊరక యుంచక ప్రతిదినము వాడి చూడవలెను. ఏలయనగా తయారీలోని లోపములు అనేకము మొదట మొదటనే బయటపడును.

రెండవది మరమ్మతునకు. వారంటీకి పెట్టె యుండితీఱవలెనను నమ్మకము మనలో బలముగా నున్నది. సాధారణముగా వారంటీకి అడుగునవి బిల్లును, యంత్రముమీది సీరియలు నంబరును, పెట్టె కాదు. షరతులు తయారీదారునిబట్టి మాఱవచ్చును గనుక వారంటీ కార్డును ఒకసారి పూర్తిగా చదువుట మేలు. ఫ్రిజ్జు, బట్టలుతుకు యంత్రము, పెద్ద టెలివిజను మొదలగువానిని బాగుచేయుటకు సాధారణముగా పనివాడే యింటికి వచ్చును. ప్రొజెక్టరు, ప్రింటరు, కెమెరా, కంప్యూటరు తెర మొదలగువానిని మనమే పంపవలసివచ్చును. కావున వీని పోతలను, వీలైనచో పెట్టెలను, కనీసము వారంటీ కాలమంతయు ఉంచుట తగును. కటకముగాని గాజు తెరగాని కలవానిని మనయొద్ద నున్నంతకాలము ఉంచినను తప్పులేదు.

మూడవది ఇల్లు మాఱుట. మన యూరిలో ఉద్యోగులకు బదిలీలు కలవు. బదిలీ రాగలవారు టెలివిజను పెట్టెను దాని పోతతోకూడ ఉంచుకొనుట తెలివి. అంత వెడల్పుగల పలుచని పెట్టె అంగడిలో సులభముగా దొరకదు. స్వంత యింట స్థిరపడినవారికి అది యనవసరము. ఫ్రిజ్జు పెట్టె అందఱికిని అనవసరమే. దానిని బొంతలతో చుట్టి, త్రాళ్లు గట్టి, నిలువుగా తీసికొనిపోయి, దించిన తరువాత కొన్ని గంటలు ఆగి కరెంటు పెట్టినయెడల చాలును. పాత యంత్రమును అమ్మునప్పుడు పెట్టెయున్నచో కొనువాడు రెండు రూపాయలు ఎక్కువ యియ్యవచ్చును. గాని ఆ యాశతో నాలుగైదేండ్లు ఒక మూలను బందీగా నుంచుట లాభమో కాదో ఎవరికి వారు లెక్కవేసికొనవలెను.

ఇక చీటిని గూర్చి. పెట్టెలో మిక్కిలి విలువగలది చాలమంది చూడక పాఱవేయు ఈ చీటియే. మన దేశమున అమలునందున్న 2011వ సంవత్సరపు నిబంధనలనుబట్టి పెట్టెమీద తయారీదారుని పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరము, ఫిర్యాదుకై సంప్రదించు వివరము ఉండవలెను. వీనితోకూడ మోడలు పేరును, సీరియలు నంబరును తయారీదారులు వేయుదురు. సెల్‌ఫోను పెట్టెమీద 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య యుండును, రెండు సిమ్ముల ఫోనునకు రెండు సంఖ్యలు. ఫోనులో *#06# నొక్కినను ఆ సంఖ్య కనబడును. గాని పోయిన ఫోనులో ఎట్లు నొక్కుదుము? 2023లో కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన సంచార్ సాథీ అను ఏర్పాటునుబట్టి, పోలీసు ఫిర్యాదు నకలును ఈ సంఖ్యను ఇచ్చినచో, పోయిన ఫోను మన దేశమున ఏ సిమ్ముతోను పనిచేయకుండ ఆపింపవచ్చును. కూలి డబ్బుతో ఫోను కొన్న కుటుంబమునకు ఆ చీటి యెంత యవసరమో చెప్పనక్కఱలేదు. పెట్టె పోయినను, చీటిని కత్తిరించి బిల్లునకు కుట్టి యుంచవలెను.

బిల్లును అడిగి పుచ్చుకొనుట మన హక్కు. 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టమునుబట్టి, బిల్లు ఇయ్యకుండుట అనుచిత వ్యాపారపద్ధతి. వస్తువులో లోపమున్నచో రెండు సంవత్సరములలోపల జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. గాని ఇచ్చటను ఒక జాగ్రత్త కావలెను. ఇప్పటి అనేకమైన బిల్లులు సిరాతో అచ్చువేసినవి కావు; వేడిచేత నల్లబడు కాగితముమీద వేసినవి. కొన్ని నెలలలో ఆ అక్షరములు వెలసిపోవును. ఎండ తగిలినచో ఇంకను త్వరగా పోవును. కాబట్టి కొన్ననాడే నకలు తీయించవలెను.

ఈ జాగ్రత్త పూర్వులకును తెలియును. యిర్మీయా ప్రవక్త అనాతోతులోని పొలమును కొన్నప్పుడు క్రయపత్రమును రెండు ప్రతులుగా, ఒకటి ముద్రవేసినదిగా ఒకటి తెఱచియున్నదిగా వ్రాయించి, బహుకాలము నిలుచుటకై రెంటిని మట్టికుండలో ఉంచుమని బారూకునకు ఆజ్ఞాపించినట్లు మనము చదువుచున్నాము. ఆ దినమున శత్రుసేన పట్టణమును చుట్టుకొనియుండెను. అయినను పొలము ఎవరిదో తెలుపు పత్రము నిలువవలెనని ఆయన తలంచెను. ఒకటి పోయినను మఱియొకటి యుండునట్లు చేయుట అవిశ్వాసము కాదు, వివేకము.

ఉంచదలచిన పెట్టెలను ఎట్లు ఉంచవలెను? మొదట, నేలమీద ఉంచరాదు, గోడకు ఆనింపరాదు. జానెడు ఎడము విడిచినచో చెదల మట్టి గీతలు కంటబడును. రెండవది, పుస్తకములున్న గదిలో ఎన్నడును ఉంచరాదు. మూడవది, అట్టను జాడించి, అడుగు అంటు విప్పి, బల్లపఱపుగా మడచినచో పది పెట్టెలు కొద్దిచోటులో ఇముడును. పోతలను మాత్రము ఒక సంచిలో వేసి, ఏది ఏ యంత్రమునదో పైన వ్రాయవలెను. నాల్గవది, మడువ వీలులేని పెట్టెలను ఒకదానిలో నొకటి ఉంచవలెను. మన నాగార్జునకొండ మహాచైత్యములో లాంగ్‌హర్స్ట్ దొరగారికి బంగారు భరిణె వెండి భరిణెలోను, అది మట్టిపాత్రలోను కనబడినవి. అమూల్యమైనది లోపల, చౌకయైనది వెలుపల: ఆ వరుసను మనమును పాటింపవచ్చును. అయిదవది, సంవత్సరమున కొకసారి, వర్షకాలమునకు ముందు, అన్నిటిని దించి చూడవలెను. ప్రయాణపు టక్కఱ తీఱిన పెట్టెను ఆ దినముననే పంపివేయవలెను. పెట్టెలోని చిన్న తెల్లని పొట్లములు తేమను పీల్చునవి. కొంతకాలమునకు అవి నిండిపోయి నిరుపయోగములగును. వానిని పసిపిల్లలకు అందనీయరాదు.

పాఱవేయుటలోను క్రమము కలదు. అట్ట మరల కాగితమగును గనుక పాత సామానులవానికి ఇయ్యవలెను. థర్మోకోలును కాల్చరాదు, దాని నల్లని పొగ ఊపిరికి హానికరము. సాగరములోనికిగాని కాలువలోనికిగాని విసరరాదు. అది కుళ్లదు, ముక్కలై చేపల నోటబడును. పాఠశాలలో నమూనాలు చేయుటకు కావలసినంత మాకు తెచ్చి యిచ్చినచో సంతోషముతో పుచ్చుకొందుము. మఱియొక మాట: ఖరీదైన వస్తువు పెట్టెను వీథిలో నిలిపి, ఇంట ఏమున్నదో దొంగకు చాటింపరాదు. మడచి, అచ్చు లోపలికి త్రిప్పి, ఇయ్యవలెను.

మన ప్రభువు ఐదువేలమందికి ఆహారము పెట్టిన పిమ్మట మిగిలిన ముక్కలను పోగుచేయించెను. అవి పండ్రెండు గంపలాయెను. ఆయనయే, కొట్లు చాలక ఇంకను పెద్దవి కట్టదలచిన ధనవంతుని బుద్ధిహీనునిగా చూపెను. ఈ రెండును ఒకదానికొకటి విరుద్ధములు కావు. గంపలలో నింపినది మరల ఆకలి తీర్చు రొట్టె. కొట్లలో నింపదలచినది ఒకని భయమును, ఆశయు. మనము ఒక పెట్టెను సజ్జమీదికి ఎత్తునప్పుడు, ఇది రొట్టెయా భయమా యని ఒక్క క్షణము అడుగుకొనినచో జవాబు దొరకును.

విద్యార్థులారా, మీకు ఒక చిన్న పని యిచ్చుచున్నాము. వచ్చు సెలవులలో మీ యింటనున్న ఒక్కొక్క యంత్రముయొక్క పేరు, కొన్న తేదీ, సీరియలు నంబరు, ఫోనులైనచో ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య ఒక నోటుపుస్తకములో వ్రాసి మీ తలిదండ్రుల చేతికి ఇయ్యుడు. దానికి పట్టు చోటు అరచేయంత. అటుపిమ్మట మంచముక్రింది పెట్టెలను బయటికి తీసి, వారితో కలిసి ఎన్నుకొనుడు. మిగిలిన చోటున కూర్చుండి చదువుకొనుడు.

ఆ మేస్త్రీని మేము మరల చూడలేదు. మన రికార్డుల గదిలో ఇప్పుడు ఒక్క ఖాళీ పెట్టెయు లేదు. రిజిస్టరులు గోడకు ఎడముగానున్న ఇనుప అలమారలో నున్నవి. మిగిలిన పుటలన్నిటికి ఛాయాచిత్రములు తీయించి రెండుచోట్ల భద్రపఱచితిమి. పాత విద్యార్థులు ఎవరైనను తమ సర్టిఫికెటులు ఇంకను కలిగియున్నచో, వాని నకళ్లను మాకు పంపవలసినదిగా కోరుచున్నాము. చెదలు తినిన గడులను ఒక్కొక్కటిగా నింపుటకు అవి మాకు ఆధారమగును.